మోడులో వడ్రంగి పిట్ట, గట్టున గుడ్లగూబ: అంతర్వేది కొబ్బరి తోటల పక్షుల దేహ నిర్మాణం

గోదావరి వసిష్ఠ పాయ సముద్రంలో కలిసే అంతర్వేది వద్ద కోనసీమ నేల ముగుస్తుంది. శ్రీ లక్ష్మీనరసింహస్వామి క్షేత్రంగా తెలుగువారందరికీ తెలిసిన ఈ గ్రామం వ్యవసాయ దృష్టితో చూస్తే మూడు రకాల సాగు కలిసే కూడలి. సముద్రం వైపు ఇసుక నేలల్లో సరుగుడు, తాడి. వాటి వెనుక కొబ్బరి తోటలు. తోటల నడుమ పల్లపు భూములలో వరి చేలు. సముద్రపు గాలికి, తుఫానుకు, పిడుగుకు మొదట ఎదురు నిలిచేది కొబ్బరి చెట్టే. 1996 నవంబరు 6 నాటి తుఫాను కొబ్బరికి కలిగించిన నష్టాన్ని కోనసీమ రైతులు ఇప్పటికీ కొలమానంగా చెప్పుకుంటారు. గాలి విరిచినవి కొన్ని, ఎర్ర ముక్కు పురుగు తొలిచి చంపినవి కొన్ని, కొమ్ము పురుగు మొవ్వు కొరికివేసినవి మరికొన్ని. కారణమేదైనా, తల పోయి మోడుగా నిలిచిన కొబ్బరి చెట్టు ఈ తీరంలో అరుదైన దృశ్యం కాదు.

అటువంటి మోడుపై గుండ్రని తొర్ర కనబడగానే వడ్రంగి పిట్ట చెట్టును చంపిందని నింద పడుతుంది. రాత్రివేళ ఇంటి కప్పుపై వాలి కీచుమని అరిచిన గుడ్లగూబకు అపశకునమన్న పేరు పడుతుంది. ఒకదానిపైకి ఉండేలు దెబ్బ, మరొకదానిపైకి రాళ్లు. ఈ రెండు పక్షుల దేహం ఏ పనికి అమరినదో, ఏ పనికి అమరలేదో తెలిసినప్పుడు ఈ నిందలలో ఎంత నిజమున్నదో, వాటి వలన తోటకు ఎంత మేలు ఆశించవచ్చునో తేటపడుతుంది. ఈ పక్షులను కేవలం 'రైతు నేస్తాలు' అని పొగడి వదిలివేయడం కూడా నింద వంటిదే. అదీ పరిశీలన లేని మాటే.

కోనసీమ తోటలలో సాధారణంగా కనిపించే వడ్రంగి పిట్ట శాస్త్రీయ నామం డైనోపియం బెంగాలెన్స్. పొడవు 26 నుండి 29 సెంటీమీటర్లు. వీపు బంగారు పసుపు రంగులో మెరుస్తుంది. గొంతు, తోక మొదలు నలుపు. మగ పక్షికి నుదుటి నుండి జుట్టు అంతా ఎరుపు. ఆడ పక్షికి నుదురు నల్లగా, తెల్లని చుక్కలతో ఉండి వెనుక జుట్టు మాత్రమే ఎర్రగా ఉంటుంది. గుడ్లగూబలలో ఈ ప్రాంతపు సాగుతో సంబంధమున్నవి ముఖ్యంగా రెండు. మొదటిది పైడికంటి, అథీన్ బ్రామా. 21 సెంటీమీటర్ల చిన్న పక్షి, పసుపు కళ్లు, గోధుమ రంగు దేహంపై తెల్ల చుక్కలు. రెండవది హృదయాకారపు తెల్లని ముఖం గల గుడ్లగూబ, టైటో ఆల్బా; ఇటీవలి వర్గీకరణలలో మన దేశపు పక్షిని టైటో జవానికా అనే వేరు జాతిగా చూపుతున్నారు. ఈ వ్యాసంలో దానిని తెల్లమొగం గుడ్లగూబ అని వ్యవహరించడమైనది.

కాళ్లు, తోక, ముక్కు

చాలా పక్షులకు మూడు వేళ్లు ముందుకు, ఒకటి వెనుకకు ఉంటాయి. వడ్రంగి పిట్టకు రెండు ముందుకు, రెండు వెనుకకు. నాలుగవ వేలు వెనుకకు తిరిగి ఉండడం వలన నిట్టనిలువు కాండాన్ని పట్టుకోవడానికి వీలవుతుంది. పైకి ఎక్కేటప్పుడు ఆ వేలిని పక్కకు కూడా చాపి పట్టు సరిచూసుకుంటుంది. అయితే వేళ్లు ఒక్కటే చాలవు. దేహం బరువును వెనుకకు పడిపోకుండా ఆపేది తోక. తోకలోని మధ్య ఈకల కాడలు బిరుసుగా, కొనలు మొనదేలి ఉంటాయి. కొబ్బరి కాండంపై రాలిన మట్టలు వదిలిన వలయాకారపు మచ్చలలో ఆ కొనలను ఆనించి, రెండు కాళ్లు, తోక కలిసి ముక్కాలి పీటవలె నిలుస్తుంది. ఈకలు రాల్చే కాలంలో కూడా ఈ ఏర్పాటు చెడదు. ఇతర తోక ఈకలు రాలి కొత్తవి ఎదిగేవరకు వడ్రంగి పిట్టల జాతులు మధ్య జత ఈకలను వదలవు. ఊతకర్ర లేకుండా ఒక్క రోజు కూడా గడవని బ్రతుకది.

ముక్కు వడ్రంగి ఉలిని పోలినది. తిన్నగా, గట్టిగా, కొన పదునుగా ఉంటుంది. కొట్టినకొద్దీ అరుగుతుంది, అరిగినకొద్దీ పెరుగుతుంది. నాసికా రంధ్రాలపై చిన్న ఈకలు కప్పి ఉండడం వలన చెక్క పొట్టు లోపలికి పోదు. ముక్కు చెక్కను తాకబోయే క్షణంలో కంటి మూడవ రెప్ప మూసుకుంటుంది. పొట్టు నుండి కంటిని కాపాడడమే కాక, కంటిగుడ్డును అదురు నుండి నిలిపి ఉంచడానికి కూడా అది తోడ్పడుతుందని భావిస్తున్నారు.

ఈ దెబ్బల బలం ఎంత? అమెరికాలోని లాస్ ఏంజిలిస్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఫిలిప్ మే బృందం 1979లో ప్రచురించిన పరిశోధనలో, వేగంగా తీసిన చలనచిత్రాల సాయంతో ఒక వడ్రంగి పిట్ట దెబ్బలను కొలిచారు. ముక్కు సెకనుకు 6 నుండి 7 మీటర్ల వేగంతో చెక్కను తాకుతున్నదని, ఆ తాకిడిలో తల వేగం తగ్గే రేటు గురుత్వ త్వరణానికి సుమారు వెయ్యి రెట్లు ఉన్నదని తేలింది. అంతటి తాకిడికి మనిషి మెదడు నిలువదు. కనుక పిట్ట పుర్రెలోని స్పంజి వంటి ఎముక, పుర్రెను చుట్టి వచ్చే నాలుక ఎముకలు అదురును పీల్చివేస్తాయన్న వివరణ పాఠ్యపుస్తకాలలో స్థిరపడింది. శిరస్త్రాణాల రూపకల్పనకు కూడా దీనిని ఆదర్శంగా చూపారు.

ఆ వివరణ ఇప్పుడు నిలువదు. బెల్జియంలోని ఆంట్వెర్ప్ విశ్వవిద్యాలయపు శాం వాన్ వాసెన్‌బర్గ్ బృందం మూడు జాతుల వడ్రంగి పిట్టలను అతివేగ కెమెరాలతో చిత్రించి 2022లో ఫలితాలు ప్రకటించింది. ముక్కు ఎంత ఆకస్మికంగా ఆగుతున్నదో పుర్రె కూడా అంతే ఆకస్మికంగా ఆగుతున్నది. నడుమ అదురు పీల్చే మెత్త ఏదీ లేదు. ఆలోచిస్తే కారణం సులువుగానే తెలుస్తుంది. సుత్తి తలకు గుడ్డ చుట్టి మేకు కొడితే మేకు దిగదు. దెబ్బలోని శక్తిని పుర్రె పీల్చుకుంటే చెక్క పగలదు. పిట్ట మరింత గట్టిగా కొట్టవలసి వస్తుంది. మరి మెదడు ఎట్లా నిలుస్తున్నది? చిన్నది కావడం వలన. ద్రవ్యరాశి తక్కువ అయినప్పుడు మెదడుపై పడే ఒత్తిడి కూడా తక్కువ. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థకు చెందిన లోర్నా గిబ్సన్ 2006లోనే మెదడు పరిమాణం, అది పుర్రెలో అమరిన తీరు, తాకిడి జరిగే అత్యల్ప కాలం, ఈ మూడింటిని లెక్కించి ఇదే దిశలో వివరణ ఇచ్చారు. ప్రవేశ పరీక్షల పుస్తకాలు ఇంకా పాత వివరణనే వల్లెవేయిస్తున్నాయి. బోధకులు గమనించదగిన విషయం.

నాలుక ఏర్పాటు మాత్రం చెప్పుకున్నంత వింతైనదే. నాలుకకు ఆధారమైన సన్నని ఎముకల కొమ్ములు రెండు దవడ అడుగున మొదలై, మెడ వెనుక నుండి పుర్రె పైకి ఎక్కి, నుదుటి వైపు దిగుతాయి. కొన్ని జాతులలో నాసికా రంధ్రం వరకు వస్తాయి. వీటిని కప్పిన కండరాలు బిగిసినప్పుడు నాలుక ముక్కు కొనను దాటి చాలా దూరం ముందుకు సాగుతుంది. కొన గరుకుగా, లాలాజలం జిగటగా ఉంటుంది. చీమల పుట్టలో, చెక్క సొరంగంలో నక్కిన పురుగు దీనికి అంటుకొని బయటికి వస్తుంది. మన వడ్రంగి పిట్ట ఆహారంలో చీమలది పెద్ద వాటా. పెంకు పురుగుల లార్వాలు, చెద, సాలీళ్లు మిగిలినవి.

కొబ్బరి కాండం, తొర్ర

ఇక నింద సంగతి. వడ్రంగి పిట్ట కాండాన్ని రెండు పనులకు కొడుతుంది: ఆహారం కొరకు, గూటి కొరకు. ఆహారపు దెబ్బలు లోతులేని గుంటలు. గూడు మాత్రం లోతైనది. ద్వారం అడ్డంగా లోపలికి పోయి, తరువాత కిందికి తిరిగి గదిగా విస్తరిస్తుంది. గుడ్లు పెట్టే కాలం ప్రధానంగా ఫిబ్రవరి నుండి జూలై వరకు. తెల్లగా మెరిసే గుడ్లు సాధారణంగా 3. చీకటి తొర్రలో దాగి ఉండే గుడ్డుకు మచ్చల ముసుగు అక్కరలేదు. సుమారు 11 రోజులలో పిల్లలు వస్తాయి. మూడు వారాలు గడవకముందే గూడు విడుస్తాయి.

కొబ్బరి ఏకదళ బీజ వృక్షం. మామిడి, పనస వంటి చెట్లలో బెరడు కింద ఉండే కేంబియం పొర ఏటేటా కొత్త కణజాలాన్ని పుట్టించి గాయాన్ని మూస్తుంది. కొబ్బరికి ఆ పొర లేదు. అందుచేత కాండంపై పడిన గాయం మానదు. పదేళ్ల కిందటి తొర్ర నేటికీ తొర్రగానే ఉంటుంది. దింపు తీసే కార్మికులు పూర్వం నరికిన మెట్ల గుర్తులు చెట్టు బ్రతికినంత కాలం మిగలడానికి కారణం ఇదే. మరొక వైపు, నీటిని, ఆహారాన్ని మోసే నాళికా పుంజాలు కొబ్బరి కాండమంతటా చెదరి ఉంటాయి. మామిడి మానుకు చుట్టూ బెరడు తీస్తే చెట్టు చస్తుంది. కొబ్బరిలో ఒక వైపు తొర్ర పడినంత మాత్రాన పై భాగానికి నీరు ఆగదు. కాబట్టి తొర్ర కొబ్బరిని వెంటనే చంపదు, కాని ఎన్నటికీ మానదు. ఈ రెండూ కలిపి చూడవలసిన విషయాలు.

బ్రతికి ఉన్న ముదురు కొబ్బరి కాండపు వెలుపలి భాగం చాలా గట్టిది. గూటికి పిట్ట సహజంగా ఎన్నుకునేది లోపల మెత్తబడిన కాండాన్ని. ఎర్ర ముక్కు పురుగు లార్వాలు తొలిచిన చెట్టు, పిడుగు పడి కుళ్లు మొదలైన చెట్టు, తల పోయిన మోడు దానికి అనువైనవి. అంటే చాలా సందర్భాలలో తొర్ర చెట్టు జబ్బుకు కారణం కాదు, లక్షణం. బ్రతికి ఉన్న చెట్టుపై వడ్రంగి పిట్ట ఒకే చోట పదే పదే కొట్టడం రైతు గమనిస్తే, పిట్టను తరిమే ముందు ఆ చోట కాండాన్ని పరిశీలించడం మేలు. ఎర్రని జిగట ద్రవం కారుతున్నదా, రంధ్రాల నుండి నమిలిన పీచు బయటపడుతున్నదా, చెవి ఆనిస్తే లోపల కొరికే చప్పుడు వినిపిస్తున్నదా చూడాలి. ఇవి ఎర్ర ముక్కు పురుగు ఆనవాళ్లు. సకాలంలో గుర్తిస్తే చెట్టును దక్కించుకునే అవకాశమున్నది. మొవ్వు వాలిన తరువాత లేదు.

నష్టం అసలే లేదనడం కూడా సరికాదు. మానని తొర్ర కాండాన్ని ఆ చోట బలహీనపరుస్తుంది. అంతర్వేది వంటి గాలి తాకిడి గల తీరంలో అది చిన్న విషయం కాదు. గాయాల వాసనకు ఎర్ర ముక్కు పురుగు వస్తుంది కూడా. అందుచేత బ్రతికి ఉన్న చెట్టుపై కొత్తగా పడిన తొర్రను, అందులో గుడ్లు, పిల్లలు లేవని నిర్ధారించుకొని, శుభ్రపరచి సిమెంటుతో మూసివేయడం తప్పు కాదు. పిట్టను చంపడం మాత్రం పనికిరాని పని. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా.

వినికిడితో వేట

వడ్రంగి పిట్ట గట్టి చెక్కతో తలపడే దేహం. గుడ్లగూబది నిశ్శబ్దానికి అమరిన దేహం. తెల్లమొగం గుడ్లగూబ ముఖం హృదయాకారంలో ఉండడం అందానికి కాదు. బిరుసైన చిన్న ఈకల వరుసలతో ఏర్పడిన ఆ పళ్లెం శబ్దాన్ని పోగుచేసి చెవుల వైపు మళ్లిస్తుంది. చెవి రంధ్రాలు ఈకల కింద దాగి ఉంటాయి, పైగా రెండూ ఒకే ఎత్తులో ఉండవు. ఎడమ రంధ్రం కొంత పైన ఉండి కిందికి చూస్తుంది; కుడి రంధ్రం కొంత కింద ఉండి పైకి చూస్తుంది. కింది నుండి వచ్చే శబ్దం ఎడమ చెవికి, పై నుండి వచ్చేది కుడి చెవికి బిగ్గరగా వినిపిస్తుంది. శబ్దం పక్క నుండి వస్తే రెండు చెవులను చేరే కాలంలో సెకనులో లక్షల వంతులలో కొలవదగిన తేడా వస్తుంది. కాలపు తేడా కుడి ఎడమలను, బిగ్గరతనపు తేడా ఎత్తు పల్లాలను తెలుపుతాయి. ఈ రెండూ కలిసి మెదడులో శబ్దపు పటంగా ఏర్పడుతున్నాయని ఎరిక్ నడ్సెన్, మసకాజు కొనిషి 1978లో నిరూపించారు.

అంతకు ముందే రోజర్ పేన్ ఈ పక్షి పూర్తి చీకటిలో కేవలం వినికిడితో వేటాడగలదని చూపారు. వెలుతురు చొరని గదిలో నేలపై ఎండుటాకులు పరచి ఎలుకను వదిలితే గుడ్లగూబ తప్పకుండా దానిపై వాలింది. వాసనో, దేహపు వేడిమో దారి చూపుతున్నదేమోనన్న అనుమానం తీర్చడానికి ఎలుకకు బదులు కాగితపు ఉండను దారంతో ఆకులపై లాగారు. పక్షి ఆ ఉండనే తన్నింది. ఒక చెవి మూసినప్పుడు గురి తప్పింది. 1971లో ప్రచురితమైన ఈ పరిశోధన వరి రైతుకు నేరుగా సంబంధించినది. దాళ్వా చేలలో దుబ్బుల నడుమ పిలకలు కొరికే ఎలుక పైకి కనబడదు. కాని కొరికే చప్పుడు ఆగదు.

వినికిడితో వేటాడే పక్షికి తన రెక్కల చప్పుడే శత్రువు. దానికి మూడు ఏర్పాట్లున్నాయి. రెక్క ముందు అంచున ఉన్న మొదటి ఈకకు దువ్వెన పళ్ల వంటి అమరిక ఉన్నది. అది గాలిని చీల్చి సుడులు చప్పుడు కాకుండా చూస్తుంది. ఈకల పై భాగం మఖమలు వలె నూగుతో ఉంటుంది. ఒకదానిపై ఒకటి జారినా గీరిన చప్పుడు రాదు. వెనుక అంచు కుచ్చుల వలె విడివిడిగా ఉంటుంది. 1934లో బ్రిటిష్ పరిశోధకుడు గ్రాహం విమానాల రొద తగ్గించే దృష్టితో ఈ మూడింటిని వివరించారు. దీనికి తోడు దేహపు బరువుతో పోల్చితే రెక్కలు చాలా విశాలమైనవి. నెమ్మదిగా, తక్కువ ఎత్తులో, చేను మీదుగా తేలుతూ పోవడానికి వీలు కలుగుతుంది.

ఈ మెత్తని ఈకలకు ఒక మూల్యం ఉన్నది. అవి వాన నీటిని సరిగా ఆపలేవు. తడిసిన గుడ్లగూబకు నిశ్శబ్దమూ లేదు, వేగమూ లేదు. పైగా వాన చప్పుడులో ఎలుక అలికిడి వినబడదు. తీరంలో వాయుగుండపు ముసురు పట్టి వరుసగా నాలుగు రాత్రులు వాన కురిస్తే గుడ్లగూబకు అవి పస్తు రాత్రులు. ఆశ్రయమిచ్చే పొడి గూడు దగ్గరలో ఉండడం ఎంత అవసరమో దీనిని బట్టి ఊహించవచ్చును. పాత పెంకుటిళ్ల అటకలు, ఆలయ గోపురాల సందులు, వాడని గాదెలు, పెద్ద చెట్ల తొర్రలు దానికి ఆశ్రయాలు. పెంకుటిళ్ల చోట కాంక్రీటు కప్పులు వచ్చినకొద్దీ వాటి సంఖ్య తగ్గుతున్నది.

గుడ్లగూబ కళ్లు గుండ్రనివి కావు, గొట్టాల వంటివి; ఎముకల వలయంలో బిగిసి ఉండడం వలన గుంటలో తిరగవు. పక్కకు చూడవలెనంటే మెడ తిప్పవలసిందే. మెడలో 14 వెన్నుపూసలున్నాయి (మనిషికి 7). వాటితో తలను 270 డిగ్రీల వరకు తిప్పగలదు. అంత మెలికలో మెదడుకు రక్తం ఆగిపోదేమి? అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ప్రకటించిన ఫలితాల ప్రకారం మెడపూసలలో రక్తనాళం పోయే రంధ్రం ఆ నాళం కంటే సుమారు పది రెట్లు వెడల్పుగా ఉన్నది. నాళానికి కదలడానికి చోటున్నది. పుర్రె అడుగున రక్తనాళాలు వెడల్పై, రక్తాన్ని కొంత నిలువ చేసుకునే ఏర్పాటు కూడా ఉన్నది.

కాళ్ల విషయంలో ఈ రెండు పక్షులు అనుకోకుండా ఒకచోట కలుస్తాయి. గుడ్లగూబ నాలుగవ వేలు కూడా వెనుకకు తిరుగుతుంది. అయితే వడ్రంగి పిట్టకు అది శాశ్వత స్థితి. గుడ్లగూబకు ఇష్టానుసారం తిప్పుకునే కీలు. ఎలుకపై వాలే క్షణంలో రెండు వేళ్లు ముందుకు, రెండు వెనుకకు చాపి వీలైనంత విశాలంగా పరుస్తుంది; చీకటిలో గురి కొంచెం తప్పినా ఎలుక ఏదో ఒక గోటికి చిక్కుతుంది. ఒకే ఆకారం, రెండు వేర్వేరు అవసరాలు.

పైడికంటి దేహం మరొక తీరున అమరింది. దాని చెవులలో ఇంతటి ఎగుడుదిగుడు లేదు; చూపుపై ఎక్కువగా ఆధారపడుతుంది. సంధ్యవేళనే బయటికి వచ్చి దీపాల చుట్టూ తిరిగే పెంకు పురుగులను, చిమ్మటలను, అప్పుడప్పుడు చిట్టెలుకలను పడుతుంది. నివాసానికి తొర్రలు, గోడ సందులు కావాలి, తానుగా తొలచుకోలేదు. వడ్రంగి పిట్ట విడిచిపెట్టిన తొర్రలు నోరు వెడల్పై పైడికంటికి, అంతకు ముందే చిలుకకు, గోరింకకు గూళ్లవుతాయి.

ఎలుక మందు, గుడ్లగూబ

వసిష్ఠకు ఆవలి వైపు పశ్చిమ గోదావరి జిల్లాలోని మారుటేరు ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం వరి పంటలో ఎలుకల నివారణపై దీర్ఘకాలంగా పనిచేస్తున్నది. డెల్టా రైతులకు పరిచయమైన ఎర ఇది: 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు 0.25 శాతం బ్రోమోడయోలోన్ పొడి. ఈ మందు విటమిన్ కె పనిని అడ్డగించి రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులు పడుతుంది. మిగతా ఎలుకలు అనుమానపడకుండా ఉండడానికి ఆ ఆలస్యమే ఈ మందు బలం. గుడ్లగూబ పాలిట అదే ప్రమాదం. మందు తిన్న ఎలుక చచ్చేలోపు మందకొడిగా, బిలం వెలుపల తిరుగుతుంది. అందరికంటే ముందు చిక్కేది అదే. మందు ఎలుక కాలేయంలో నిలిచి ఉండి, తిన్న పక్షికి చేరుతుంది.

ఎలుక మందు వాడవద్దని చెప్పడం ఈ డెల్టాలో ఆచరణ సాధ్యం కాదు. పొట్ట దశలో ఎలుకలు విజృంభిస్తే పక్షుల కొరకు వేచి ఉండే వ్యవధి రైతుకు లేదు. వాడే తీరులో మాత్రం తేడా చూపవచ్చును. ఎరను గట్లపై చల్లక పొట్లాలుగా కట్టి, ఎలుకలు తిరుగుతున్న బొరియలలోనే వేయాలి. గ్రామమంతా ఒకేసారి, పంట తొలిదశలో చేపడితే తక్కువ మందుతో పని జరుగుతుంది. చచ్చిన ఎలుకలను, తూలుతూ తిరిగే ఎలుకలను ఏరి పాతిపెట్టాలి. పక్షి వాడకం, మందు వాడకం ఒకే చేలో ఒకే వారంలో పొసగవు. ఈ మాట ప్రచార పత్రాలలో చాలా అరుదుగా కనిపిస్తుంది.

కొబ్బరి తోటలో గుడ్లగూబ చేయగలిగినది వరి చేలో కంటే తక్కువ. పిందెలను, లేత కాయలను తొలిచే నల్ల ఎలుక చెట్టు తలపైనే, మట్టల మొదళ్లలో కాపురముంటుంది. మట్టలు ఒకదానికొకటి తగిలే దగ్గరి తోటలో నేలకు దిగకుండానే చెట్టు మారుతుంది. తేలుతూ వచ్చి నేలపై తన్నే పక్షికి ఆ గుబురు అనువైన చోటు కాదు. కాండంపై సుమారు 2 మీటర్ల ఎత్తున నున్నని రేకు చుట్టడం, తల శుభ్రపరచడం ఇక్కడ ఎక్కువ ఫలమిస్తాయి. అయితే తోటలో అంతర పంటగా ఉన్న కోకో కాయలకు, పక్క వరి చేలకు తిరిగే ఎలుకలు గుడ్లగూబకు అందుతాయి. మలేషియాలో పామాయిల్ తోటలలో గూటి పెట్టెలు అమర్చి ఈ పక్షిని పెంపొందించిన అనుభవమున్నది. లక్షద్వీపాలలో కొబ్బరిని ఎలుకల నుండి కాపాడేందుకు కేరళ నుండి తెల్లమొగం గుడ్లగూబలను తీసుకువెళ్లిన ప్రయత్నమూ జరిగింది. కోనసీమకు పక్షిని తేవలసిన పని లేదు. ఉన్నదానిని ఉండనిస్తే చాలు.

మోడును ఏమి చేయాలి?

ఇది తేలికగా తేలే ప్రశ్న కాదు. చచ్చిన మోడు వడ్రంగి పిట్టకు గూడు, పైడికంటికి రేపటి ఇల్లు. కాని కుళ్లుతున్న కొబ్బరి కాండం కొమ్ము పురుగు గుడ్లు పెట్టే చోటు కూడా. పెంట గోతి తరువాత దానికి ఇష్టమైనది అదే. మోడును వదిలితే పక్కనున్న లేత మొక్కల మొవ్వులు ముప్పులో పడతాయి. తుఫాను తరువాత వందల మోడులు మిగిలినప్పుడు కొమ్ము పురుగు విజృంభించడానికి కారణమిదే. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం నుండి వచ్చిన గోదావరి గంగ వంటి సంకర మొక్కలను కొత్తగా నాటిన తోటలో పక్షుల పేరు చెప్పి కుళ్లిన మోడును ఉంచుకోమని రైతుకు సలహా ఇవ్వడం బాధ్యత గల పని కాదు.

మధ్యే మార్గం కొంత ఉన్నది. నేలకు పడిన మానులను, కుళ్లిన మొదళ్లను ఆలస్యం లేకుండా తొలగించి చీల్చి ఎండబెట్టాలి. నిలిచి ఉన్న మోడులో పక్షి గూడు కట్టి ఉంటే పిల్లలు ఎగిరిపోయేవరకు, అంటే కొద్ది వారాలు, ఆగి నరకవచ్చును. ఫిబ్రవరి నుండి జూలై లోపల నరికే ముందు తొర్రను పరిశీలించడం కష్టమేమీ కాదు. శాశ్వత ఆశ్రయానికి మాత్రం కొబ్బరిపై ఆధారపడక గట్లపై, ఇంటి పెరళ్లలో మునగ, బూరుగ వంటి మెత్తని చెక్క గల చెట్లను ఉంచుకోవాలి. వడ్రంగి పిట్ట సాధారణంగా కట్టి పెట్టిన పెట్టెలో చేరదు. తాను తొలచుకున్న తొర్రనే నమ్ముతుంది. దానికి చెట్టు తప్ప ప్రత్యామ్నాయం లేదు. తెల్లమొగం గుడ్లగూబ అట్లా కాదు. వాన లోపలికి రాని కప్పు, పిల్లలు జారిపడకుండా గుమ్మం వద్ద ఎత్తైన అడ్డుపట్టీ ఉన్న చెక్క పెట్టెను ఎత్తైన స్తంభానికో, వాడని కట్టడపు గోడకో బిగిస్తే చేరుతుంది.

ఈ పక్షి గుడ్లు ఒక్కసారిగా పొదగబడవు. మొదటి గుడ్డు పెట్టగానే పొదగడం మొదలుపెడుతుంది కనుక పిల్లలు రెండేసి రోజుల ఎడంతో వస్తాయి. గూటిలో పెద్దది, చిన్నది, మరీ చిన్నది వరుసగా కనిపిస్తాయి. ఎలుకలు పుష్కలంగా ఉన్న ఏడు అన్నీ బ్రతుకుతాయి. కరువు ఏడు పెద్దవి మాత్రమే మిగులుతాయి. కాబట్టి పెట్టె పెట్టిన మొదటి ఏడు ఎగిరిన పిల్లలను లెక్కించి ప్రయత్నం ఫలించిందనో, విఫలమైందనో తేల్చివేయడం తొందరపాటు.

వరి చేలో 'టి' ఆకారపు పక్షి స్థావరాలు నాటడం ఇప్పటికే వాడుకలో ఉన్నది. పగలు వాటిపై వాలే పసుల పోలిగాడు పురుగులను ఏరుతుంది. అదే కర్ర రాత్రి గుడ్లగూబకు కావలి మంచె. అడ్డకర్ర పెద్ద పక్షి బరువుకు ఊగిపోనంత గట్టిగా ఉండడం, పైరు పెరిగినా దాని కంటే ఎత్తుగా నిలవడం ముఖ్యం.

స్థావరం గుడ్లగూబకు పనికివస్తున్నదో లేదో తెలుసుకునే ఉపాయాన్ని పక్షే ఇచ్చింది. ఎలుకను చిన్నదైతే మొత్తంగానే మింగుతుంది; జీర్ణం కాని వెంట్రుకలు, ఎముకలు కడుపులో ఉండగా చుట్టుకొని, కొన్ని గంటల తరువాత నోటి నుండి బయటపడతాయి. ఈ ఉండలు గూటి కింద, స్థావరం మొదట్లో దొరుకుతాయి. గోరువెచ్చని నీటిలో నానబెట్టి విడదీస్తే పుర్రెలు, దవడలు దాదాపు చెక్కుచెదరకుండా బయటికి వస్తాయి. ముందరి కొరికే పళ్లకు, దవడ పళ్లకు నడుమ ఖాళీ ఉంటే అది ఎలుక జాతి. ఖాళీ లేకుండా చిన్న మొనదేలిన పళ్లు వరుసగా ఉంటే చుంచు. దవడ పొడవును బట్టి చిట్టెలుకో, పందికొక్కో చెప్పవచ్చును. ఉద్యాన, వ్యవసాయ కళాశాలల విద్యార్థులు గ్రామీణ అనుభవ శిక్షణలో భాగంగా సార్వా, దాళ్వా రెండు పంట కాలాలలోనూ సఖినేటిపల్లి, మలికిపురం ప్రాంతపు చేల గట్లపై ఈ ఉండలను వారానికొకసారి సేకరించి, మందు వాడిన చేలు, వాడని చేలు వేరు చేసి నమోదు చేయగలిగితే, పక్షి పట్టే ఎలుకల లెక్క గ్రామాల వారీగా చేతికి వస్తుంది.